సీసాలో ఒక వాసన, చేతి మీద ఇంకో వాసన

స్ప్రే సెంట్లు కాకుండా చిన్న సీసాల్లో నూనెలా వచ్చే అత్తర్లు, చిన్న చిన్న మేకర్లు సొంతంగా కలిపి అమ్మే పర్ఫ్యూమ్ ఆయిల్స్, వీటి మీద ఈ నెల చాలా ఉత్తరాలొచ్చాయి. అన్నిటికీ జవాబు రాయడం కుదరదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నా.

ప్రశ్న: అక్కా, ఆన్‌లైన్‌లో ఒక చిన్న మేకర్ దగ్గర మల్లెపూల ఆయిల్ శాంపిల్ తెప్పించుకున్నా. మూత తీస్తే అచ్చం సాయంత్రం విచ్చిన మల్లెలే. చేతికి రాసుకుంటే మాత్రం ముందు కలరా ఉండల వాసన, ఆ తర్వాత ఏదో బీరువాలో మగ్గిన వాసన. అదే సీసాలోంచి మా చెల్లి రాసుకుంటే తియ్యగా బ్రహ్మాండంగా ఉంది. అది దొంగ సరుకా, లేక నా చర్మమే అలాంటిదా? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: రెండూ కాదమ్మా, కంగారు పడకు. మల్లెలో ఇండోల్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది, దాన్ని విడిగా వాసన చూస్తే కలరా ఉండలే గుర్తొస్తాయి, కానీ అది బొత్తిగా లేకపోతే మల్లె మల్లెలా ఉండదు, మల్లె పేరు పెట్టిన సబ్బులా ఉంటుంది. రాత్రి జడలో పెట్టుకున్న దండ తెల్లారేసరికి వాడిపోయి దిండు మీద ఒక మత్తు వాసన వస్తుంది చూడు, అందులో ఉన్నది ఇదే. కాబట్టి నీకొచ్చిన శాంపిల్‌లో అది తగిలిందంటే ఆ మేకర్ నిజమైన పువ్వు వైపు వెళ్ళాలని చూశాడని అర్థం, అది నీకు నచ్చాలని రూలేం లేదు.

ఇక సీసా దగ్గర ఒకలా, చేతి మీద ఒకలా ఎందుకుంటుందంటే, ఏ సెంటులోనైనా బోలెడు పదార్థాలు కలిసుంటాయి, అన్నీ ఒకే స్పీడులో ఆవిరవ్వవు. నిమ్మ, నారింజ లాంటి తేలికవి ముందు ఎగిరిపోతాయి, పూలు మధ్యలో, గంధం, వట్టివేరు, సాంబ్రాణి లాంటి బరువైనవి చివరిదాకా చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. మూత దగ్గర ముక్కు పెడితే మనకి అందేది ఎక్కువగా ఆ తేలిక భాగమే. స్ప్రేలో అయితే ఆల్కహాల్ నిమిషాల్లో ఎగిరిపోతూ వాసనని గది మొత్తం పరుస్తుంది, నూనెలో ఆ తోసేవాళ్ళు ఉండరు కాబట్టి వాసన చర్మానికి దగ్గర్లోనే ఉంటూ నెమ్మదిగా మారుతూ పోతుంది. అందుకే నూనెని మొదటి పది నిమిషాల్లో చూసి తీర్పు ఇవ్వడమంత అన్యాయం ఇంకోటి లేదు, ఈ మాట నేను ఎన్నిసార్లైనా చెప్తా.

చెల్లి సంగతి. పొడి చర్మం మీద సెంటు త్వరగా పోతుంది, కాస్త జిడ్డున్న చర్మం ఎక్కువసేపు పట్టుకుంటుంది, ఒళ్ళు వేడిగా ఉండేవాళ్ళకి అన్నీ తొందరగా బయటపడి తొందరగా అయిపోతాయి. దీనంతటికీ చర్మం పీహెచ్ (ఆమ్లగుణం) కారణమని చాలామంది రాస్తుంటారు కానీ నేను దానికి అంత బరువు ఇవ్వను, ఆరోగ్యంగా ఉన్న చర్మాల్లో ఆ తేడా అంత పెద్దగా ఉండదు. దానికంటే పొద్దున రుద్దుకున్న సబ్బు, తలకి పెట్టుకున్న కొబ్బరినూనె, మెడకి కొట్టుకున్న పౌడరు, ఇవే ఎక్కువ గందరగోళం చేస్తాయి. ఇంకో సంగతి, మీ ఇద్దరి ముక్కులూ ఒకటి కాదు. వయొలెట్ పూల వాసననిచ్చే బీటా అయోనోన్ ఉంది, ఒక జీన్‌లో తేడా వల్ల అదే పదార్థం కొందరికి కమ్మటి పువ్వులా, కొందరికి పులిసినట్టుగా తెలుస్తుంది. కాబట్టి ఈసారి నీ చేతి మీది వాసన చెల్లిని, చెల్లి చేతి మీది వాసన నిన్ను చూడమను, తేడా చర్మంలో ఉందో ముక్కులో ఉందో అప్పుడు తెలుస్తుంది.

మళ్ళీ ఒకసారి ఇలా చూడు. వాసన లేని సబ్బుతో గానీ వట్టి నీళ్ళతో గానీ చెయ్యి కడుక్కుని, పూర్తిగా ఆరాక, మోచేతి మడత లోపలివైపు ఒక్క చుక్క పెట్టు, మణికట్టు అయితే నీళ్ళు తగిలి పోతూ ఉంటుంది. రెండు చేతులూ రుద్దకు, రుద్దితే వేడికి పైవాసన తొందరగా ఎగిరిపోతుంది. ఒక చేతికి ఒక్క సెంటే. రాసిన వెంటనే, అరగంటకి, రెండు గంటలకి, భోజనాలయ్యాక, పడుకునే ముందు, ఇలా వాసన చూసి ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకో. మల్లె ఆయిల్‌లో చాలావరకు ఆ కలరా ఉండల ఘాటు మొదటి గంటలో తగ్గిపోయి మధ్యాహ్నానికి పువ్వు మిగులుతుంది, సాయంత్రానికి కింద బేస్‌గా ఏ బరువైన వాసన వేశారో అది బయటికొస్తుంది. నువ్వు చెప్పిన ఆ మగ్గిన వాసన ప్యాచౌలి అనే ఆకు నూనెది కావచ్చు, దాన్ని చాలామంది బేస్‌లో వేస్తారు. పక్కరోజు కూడా అదే చిరాకు అనిపిస్తే మొహమాటం లేకుండా చెల్లికిచ్చెయ్, శాంపిల్ తెప్పించుకునేదే అందుకు.

ప్రశ్న: చార్మినార్ దగ్గర ఒక షాపులో రూహ్ గులాబ్, మజ్మువా (కొన్ని అత్తర్ల మిశ్రమం), ఖస్ (వట్టివేరు) అని వరసపెట్టి చేతి మీద రాసి చూపించాడు. బాగుందని రూహ్ గులాబ్ 12 ఎంఎల్ 200 రూపాయలకి తీసుకున్నా, వంద శాతం ప్యూర్, ఆల్కహాల్ లేదు అన్నాడు. ఇంటికొచ్చాక గంట కూడా ఉండట్లేదు, చర్మం మీద జిడ్డు మాత్రం మిగులుతోంది. ప్యూర్ అవునో కాదో ఎలా తెలుస్తుంది? (వరంగల్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, రూహ్ అంటే వేరే నూనె ఏదీ కలపని వట్టి పువ్వు నూనె, ఆ ధరకి అది రూహ్ గులాబ్ అయ్యే అవకాశమే లేదు. ఒక కిలో గులాబీ నూనె రావాలంటే 3 నుంచి 5 టన్నుల పూలు కావాలి, అవి కూడా తెల్లవారుజామున కోసి వేడెక్కకముందే బట్టీలో పడాలి. కిలో ధర లక్షల్లో ఉంటుంది. నీకిచ్చింది గులాబీ వాసన వచ్చే సింథటిక్ పదార్థాలని లిక్విడ్ పారాఫిన్ లాంటి చవక నూనెలో కలిపింది అయ్యుంటుంది, ఆ మిగిలే జిడ్డు దానిదే.

అసలు అత్తరు ఎలా చేస్తారో తెలిస్తే షాపులో ఏం అడగాలో తెలుస్తుంది, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నా. ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్ అని ఊరుంది, తరతరాలుగా అక్కడ ఇదే పని, వాళ్ళ సరుక్కి జీఐ ట్యాగ్ కూడా ఉంది. పెద్ద రాగి డేగిసాలో పూలు, నీళ్ళు పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి గాలి పోకుండా మూసి, కింద కట్టెలో పిడకలో పెట్టి మంట పెడతారు. దీన్ని డేగ్ అంటారు. దాని నుంచి ఒక వెదురు గొట్టం పక్కన నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టిన ఇంకో రాగి పాత్రలోకి పోతుంది, అది భప్కా. ఆ భప్కాలో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. పూల ఆవిరి గొట్టంలోంచి వచ్చి చల్లబడి గంధం నూనెలో కలుస్తుంది, నీళ్ళు కిందకి దిగుతాయి, ఆ నీళ్ళు తీసేసి మర్నాడు మళ్ళీ తాజా పూలు, మళ్ళీ మంట. గంధం నూనె పూల వాసనతో నిండేదాకా ఇలా రోజుల తరబడి చేస్తారు. మంట ఎక్కువైతే పూలు మాడిన వాసన దిగుతుంది, తక్కువైతే ఆవిరి రాదు, కొలిమి దగ్గర కూర్చునేవాడు చేత్తో భప్కాని తాకి చూసి, లోపలి శబ్దం విని మంట సర్దుతుంటాడు. నాకు ఈ పని మీద చాలా గౌరవం, ఆ మనిషి అనుభవం లేకపోతే ఆ అత్తరు లేదు.

ఇప్పుడు గంధం నూనె ధర ఆకాశంలో ఉంది కాబట్టి చాలాచోట్ల భప్కాలో గంధం బదులు పారాఫినో, డీఓపీ అనే ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే నూనెనో పోస్తున్నారు. పువ్వు నిజమే అయినా కింద పట్టుకునే గంధం లేదు, అందుకే గంటలో అయిపోతుంది. కాబట్టి షాపులో ‘ప్యూరేనా’ అని అడక్కు, ఎవరైనా అవుననే అంటారు, ‘బేస్ ఏంటి’ అని అడుగు. గంధమా, పారాఫినా, కొబ్బరి నుంచి తీసిన వాసన లేని నూనా, జొజొబా గింజల నూనా? చెప్పగలిగిన షాపువాడి దగ్గర కొను, చెప్పలేనివాడి దగ్గర చవకైనవి మాత్రమే కొను. ఆల్కహాల్ లేదన్నది నమాజుకి వెళ్ళేవాళ్ళకి ముఖ్యమైన విషయమే, కానీ ఆల్కహాల్ లేదంటే సహజమైనదని కాదు, ఈ రెండిటినీ కలిపేసి చెప్పేవాళ్ళు చాలామంది.

తెల్లకాగితం మీద చుక్క వేసి మరక ఉంటే కల్తీ అంటారు, అది కూడా నమ్మకు. మంచి గంధం, వట్టివేరు నూనెలు చాలా నెమ్మదిగా ఆవిరవుతాయి కాబట్టి అవి కూడా మరక ఉంచుతాయి. నేనైతే సింథటిక్‌ని తప్పు పట్టను, బాగా కలిపితే అందంగా ఉంటాయి, తక్కువ డబ్బులో దొరుకుతాయి. రూహ్ అని చెప్పి అది అమ్మడమే తప్పు. నీ బడ్జెట్‌లో నిజమైనదే కావాలంటే గులాబీ జోలికి పోకుండా వట్టివేరు చూడు. రూహ్ ఖస్ కూడా చవకేం కాదు, కానీ గులాబీతో పోలిస్తే చాలా తక్కువ, చిన్న సీసా కొనుక్కోవచ్చు. రాగి పాత్రలో తీసింది పచ్చటి రంగులో చిక్కగా ఉంటుంది, వేసవిలో తడిపిన వట్టివేళ్ళ తడక వాసన చర్మం మీద సాయంత్రం దాకా ఉంటుంది. ఇంకోటి, ఒకేసారి పది రాయించుకోకు, మూడో దాని తర్వాత నీ ముక్కు పని చెయ్యదు, ఒకటి రాయించుకుని బజార్లో గంటన్నర తిరిగి అప్పటికీ బాగుంటేనే డబ్బులు తియ్యి.

ప్రశ్న: మా దగ్గర ఒకాయన ఎర్రచందనం అత్తరు అని అమ్ముతున్నాడు, శేషాచలం చెట్టు నుంచే తీసిందట. మంచి వాసన. కొనొచ్చా? (తిరుపతి పాఠకుడు)

జవాబు: వద్దండీ. ఎర్రచందనం చెక్కకి చెప్పుకోదగ్గ వాసనే లేదు. దాని విలువంతా రంగు, చెక్క గట్టిదనం, మందుల్లో వాడకం, అందులో నుంచి అత్తరు తీసేంత సువాసన తైలం రాదు. మీరు వాసన చూసింది వేరే ఏదో మిశ్రమం, పైగా నిజంగా ఎర్రచందనం దగ్గర పెట్టుకుని వ్యాపారం చేస్తుంటే అది ఇంకో తలనొప్పి, ఆ చెట్టు మీద ఎంత కట్టుదిట్టం ఉందో మీ ఊళ్ళో నేను చెప్పక్కర్లేదు. వాసన ఉండేది శ్రీగంధం చెట్టుకి, అది వేరే కుటుంబం. మైసూరు ప్రభుత్వం 1916లోనే ఆ నూనె తీయడం మొదలుపెట్టింది. మంచి గంధం నూనెలో శాంటలాల్ అనే పదార్థాలే ఎక్కువ భాగం, అవి బరువైనవి కాబట్టి రాసిన వెంటనే గట్టిగా తెలియవు, చాలామంది ‘వాసనే లేదేంటి’ అనేస్తారు. ఒక పావుగంట ఆగి చూడండి, పాలమీగడలా మెత్తగా పైకొస్తుంది. గట్టిగా గుప్పుమందంటే నాకు అనుమానమే.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడ చిన్న చిన్న ఇండిపెండెంట్ మేకర్ల దగ్గర ఆయిల్ శాంపిల్స్ తెప్పించుకోవడం అలవాటైంది. వాన పడ్డాక మట్టి వాసన అని రెండు మూడు చోట్ల కొన్నాను, ఒకటి కుండీలో మట్టిలా ఉంది, ఒకటి తడిసిన సిమెంటులా ఉంది. మనూళ్ళో తొలకరికి వచ్చే వాసన ఏదీ కాదు. ఇండియా వచ్చినప్పుడు మిట్టీ అత్తరు కొంటే అది చర్మం మీద ఎలా ఉంటుంది? (డాలస్ నుంచి)

జవాబు: మీ ప్రశ్న నాకు భలే నచ్చింది. అమెరికాలో ఈ ఆయిల్స్ ప్రపంచం చాలా పెద్దది, లాస్ ఏంజెలిస్‌లో 2002లో మొదలైన బ్లాక్ ఫీనిక్స్ ఆల్కెమీ ల్యాబ్ లాంటివి 5 ఎంఎల్ సీసాలు, కొద్ది చుక్కల శాంపిల్ గొట్టాలు అమ్ముతూ ఆ అలవాటుని పెంచాయి. ఆ మేకర్లు ఊహతో వాసన కడతారు, ఒక అడవి, ఒక పాత లైబ్రరీ, ఒక వాన. మట్టి వాసనకి వాళ్ళు చాలాసార్లు వాడేది జియోస్మిన్, మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే పదార్థం. మన ముక్కు దాన్ని ట్రిలియన్‌లో కొన్ని వంతులున్నా పట్టేస్తుంది, అంత ఘాటు. అందుకని చిటికెడు ఎక్కువైతే బీట్‌రూట్ లాగా, కుండీ మట్టి లాగా అయిపోతుంది. మీకు తగిలింది అదే అనుకుంటున్నా.

తొలకరి వాసన అదొక్కటే కాదు. ఎండకి కాగిన నేల, రాయి, వేసవంతా గాలిలోంచి, చెట్ల నుంచి వచ్చిన నూనెల్ని పీల్చుకుని దాచుకుంటాయి, మొదటి చినుక్కి అవి బయటికొస్తాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ ఇద్దరూ 1964లో నేచర్ పత్రికలో ఈ సంగతి రాస్తూ దానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు, మన ఉత్తరప్రదేశ్‌లో ఈ వాసనని అప్పటికే గంధం నూనెలోకి పడుతున్నారని కూడా అందులో రాశారు. అదే మిట్టీ అత్తరు. కన్నౌజ్‌లో చెరువు మట్టితో చేసి కాల్చిన బిళ్ళల్ని, కుండ పెంకుల్ని డేగ్‌లో పూల బదులు వేసి నీళ్ళతో కాచి, ఆ ఆవిరిని గంధంలోకి పడతారు. కాలిన మట్టి కాబట్టి అందులో తడి చల్లదనంతో పాటు కొంచెం ఎండ వేడి కూడా ఉంటుంది, నా లెక్కన మీరు వెతుకుతున్న తేడా ఇక్కడే ఉంది.

చర్మం మీద ఎలా ఉంటుందంటే, రాసిన వెంటనే కొత్త కుండలో నీళ్ళు పోసినప్పుడు వచ్చే వాసన. కళ్ళు మూసుకుంటే మంచినీళ్ళ కుండే. అరగంట, ముప్పావుగంట అలా ఉండి, నెమ్మదిగా మట్టి వెనక్కి వెళ్ళి గంధం ముందుకొస్తుంది, రెండు మూడు గంటల తర్వాత దాదాపు గంధమే, అడుగున ఎక్కడో మట్టి. చాలామంది ఇక్కడ నిరాశపడతారు, మట్టి వాసన రోజంతా ఉండాలని. అలా ఉంటే అందులో సింథటిక్ కలిపారని అర్థం, ఉండటం తప్పు కాదు, తెలిసి కొనండి. పారాఫిన్ బేస్‌లో పట్టింది అయితే ఆ గంధం ఘట్టమే రాదు, మట్టి పోగానే ఖాళీ.

పోస్టులో వచ్చిన శాంపిల్ని ఆ రోజే చూసి పక్కన పెట్టెయ్యకండి. మీ దగ్గర చలికాలంలో నూనె చిక్కబడుతుంది, బరువైనవి అడుక్కి చేరతాయి, ఒకరోజు గదిలో ఉంచి అరచేతుల మధ్య సీసాని దొర్లించి అప్పుడు రాసుకోండి. ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళేటప్పుడు హ్యాండ్ లగేజీలో ఏ సీసా అయినా 100 ఎంఎల్ దాటకూడదు, అత్తరు సీసాలకి ఆ బాధ లేదు గానీ మూతకి టేప్ చుట్టండి, సూట్‌కేసులో కారిందంటే ఆ వాసన బట్టలకి నెలల తరబడి వదలదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నారింజ, నిమ్మ వాసనల రోల్ ఆన్ ఒకటి మెడకి రాసుకుని ఎండలో కాలేజీకి వెళ్ళొచ్చింది. రెండు రోజులకి మెడ మీద రాసినంత మేర ఎర్రగా అయ్యి ఇప్పుడు గోధుమ రంగు చారలు పడ్డాయి. న్యాచురల్ ఆయిలే అని రాసుంది. (ఖమ్మం నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు ఆ రోల్ ఆన్ ఆపించి స్కిన్ డాక్టర్‌కి చూపించండి, సీసా కూడా తీసుకెళ్ళండి. మీరు చెప్పిన లెక్క చూస్తే ఎండకి రియాక్ట్ అయినట్టుంది. బెర్గమాట్ అనే ఒక రకం నారింజ తొక్క నూనెలో, నిమ్మ తొక్క నుంచి పిండి తీసిన నూనెలో బెర్గాప్టెన్ లాంటి పదార్థాలుంటాయి, అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు అయ్యి మచ్చలు పడతాయి. అందుకే ఒంటి మీద ఉంచుకునే వాటిలో మామూలు బెర్గమాట్ నూనె 0.4 శాతం దాటకూడదని అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంస్థ ఐఎఫ్ఆర్ఏ రూల్ పెట్టింది. పెద్ద కంపెనీలు ఇది చూసుకుంటాయి, చిన్న మేకర్లలో చూసుకునేవాళ్ళూ ఉన్నారు, అసలు తెలియనివాళ్ళూ ఉన్నారు. మనం అడగాలి, ఐఎఫ్ఆర్ఏ ప్రకారం చేశారా, బెర్గాప్టెన్ తీసేసిన బెర్గమాట్ వాడారా అని. తెలిసినవాడు వెంటనే చెప్తాడు.

న్యాచురల్ అన్న మాట చూసి ధైర్యపడకండి, దాల్చినచెక్క నూనె, లవంగ నూనె పూర్తిగా న్యాచురలే, ఎక్కువైతే చర్మం మండిపోతుంది. మచ్చలు తగ్గడానికి నెలలు పట్టొచ్చు, ఈలోపు ఎండ తగలనివ్వకండి, ఇంటి వైద్యం పేరుతో నిమ్మరసం మాత్రం రుద్దకండి, అది ఇంకా చేటు. ఇకపై ఏ కొత్త ఆయిల్ అయినా మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు చొప్పున వారం పదిరోజులు రాసి, ఏమీ కాకపోతేనే మెడకి. పులుపు వాసనలంటే అమ్మాయికి అంత ఇష్టమైతే చున్నీ అంచుకి రాసుకోమనండి.

ప్రశ్న: దుబాయ్ నుంచి మా బావ ఊద్ ఆయిల్ తెచ్చాడు. ఆఫీసుకి రాసుకెళ్తే నాకు అరగంటలో వాసన పోతోంది, మళ్ళీ రాసుకుంటున్నా. టీమ్‌లో వాళ్ళేమో తలనొప్పి అంటున్నారు. నాది తప్పా వాళ్ళది తప్పా? (హైదరాబాద్, సాఫ్ట్‌వేర్)

జవాబు: వాసన పోలేదు బాబూ, నీ ముక్కు అలవాటు పడింది. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే కాసేపటికి మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది, చేపల మార్కెట్‌లో కూర్చున్నాయనకి ఆ వాసన తెలియకపోవడం ఇందుకే. నీకు తెలియట్లేదని మళ్ళీ రాస్తున్నావ్, ఏసీ గదిలో పక్కవాళ్ళకి అది నాలుగింతలవుతోంది. తెలుసుకోవాలంటే బయటికెళ్ళి పది నిమిషాలు మామూలు గాలి పీల్చి తిరిగి రా, కాఫీ గింజలు వాసన చూడమంటారు గానీ దానివల్ల ప్రత్యేకంగా లాభం లేదు. కస్తూరి వాసన కోసం వాడే పెద్ద అణువులు కొన్ని కొంతమందికి పుట్టుకతోనే తెలియవు, నీ ఆయిల్‌లో అవి ఉంటే నీకు మొదటి నుంచీ సగమే అందుతుండొచ్చు. అందుకే ఇంట్లో ఇంకొకరిని చూడమని అడగడం మంచిది.

ఊద్ అంటే అగరు చెట్టు. చెట్టుకి గాయమై ఫంగస్ చేరితే దాన్ని తట్టుకోడానికి చెట్టు లోపల నల్లటి బంక కడుతుంది, ఆ చెక్క నుంచి తీసే నూనె ఇది. మన దేశంలో అస్సాం దీనికి పెట్టింది పేరు, అక్కడ నుంచే గల్ఫ్‌కి పోతుంది. నిజమైన ఊద్ రాయగానే పశువుల కొట్టం, తోలు, పొగ, అన్నీ ఒకేసారి, అలవాటు లేని ముక్కుకి అది దెబ్బే. గంట తర్వాత చెక్క, ఇంకా తర్వాత తేనె లాంటి తీపి, అది చాలా గొప్పగా ఉంటుంది, రాత్రికి చొక్కా విప్పినప్పుడు కూడా ఉంటుంది. కాబట్టి సీసా పుల్లని ఒక్కసారి మాత్రమే తాకించి, ఛాతీ మీద చొక్కా లోపల రాసుకో, అదీ ఇంట్లో బయల్దేరడానికి గంట ముందు. ఆఫీసుకెళ్ళేసరికి ఆ కొట్టం ఘట్టం అయిపోతుంది. నన్నడిగితే ఊద్‌ని పెళ్ళిళ్ళకీ సాయంత్రాలకీ ఉంచుకుని ఆఫీసుకి ఖస్ వేసుకో.

ప్రశ్న: చిన్నప్పుడు మా అమ్మ ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్య మొగలిరేకులు పెట్టేది. ఆ వాసన నూనెలో దొరుకుతుందా? ఒంటికి రాసుకోవచ్చా? (ఇచ్ఛాపురం పాఠకురాలు)

జవాబు: దొరుకుతుందమ్మా, అదీ మీ పక్కనే. మీ ఊరు దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా, కేవ్డా (మొగలి) అత్తరుకి దేశంలో అంత పేరున్న చోటు ఇంకోటి లేదు. ఛత్రపూర్ చుట్టుపక్కల ఇసుక నేలల్లో, చేల గట్ల మీద మొగలి పొదలే, మగ పొత్తులకే ఆ సువాసన, వాటిని తెల్లారకముందే కోసి అదే డేగ్, భప్కాల్లో కాస్తారు. బిర్యానీలో చల్లే కేవ్రా నీళ్ళు కూడా ఆ పువ్వువే. బరంపురం బజార్లో అడగండి, తెలుగు మాట్లాడేవాళ్ళే బోలెడుమంది.

ఒంటి మీద మాత్రం జాగ్రత్త, ఇది మల్లెలా మెత్తటిది కాదు. మొదట చాలా పదునుగా, కాస్త తేనె కాస్త పచ్చిగడ్డి కలిసినట్టుండి ముక్కుకి గుచ్చుకుంటుంది. గంధం బేస్‌లో ఉన్నదైతే రెండు గంటలకి ఆ పదును తగ్గి, మీరు చెప్పిన ఆ ట్రంకుపెట్టె మూత తీసినప్పటి తియ్యటి వాసన అప్పుడు వస్తుంది. పొద్దున రాసుకుని మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాలి. రూహ్ అంటే బేస్ లేని వట్టి పువ్వు నూనె, దాన్ని నేరుగా రాసుకోకండి, వాసన లేని కొబ్బరి నూనెలో పది చుక్కలకి ఒక చుక్క కలుపుకోండి చాలు. పట్టుచీర మీద మాత్రం చుక్క కూడా పడనివ్వకండి, నూనె మరక పోదు. చీరలకైతే దూదికి రాసి, పల్చటి గుడ్డలో మూటకట్టి, పెట్టె మూలన పెట్టండి. మా పెద్దవాళ్ళు మొగలిరేకు ఎండిపోయాక కూడా తీసేసేవాళ్ళు కాదు, వాసన అలా పట్టుకునుండేది.

ఇంకొన్ని చిన్న ప్రశ్నలు. చెవి మడతలో అత్తరు దూది ఎందుకు పెడతారని నల్గొండ నుంచి అడిగారు: నూనె చర్మానికి తగలకుండా దూది నుంచి కొంచెం కొంచెంగా వాసన వస్తుంది, తల తిప్పినప్పుడల్లా తెలుస్తుంది, చర్మం సున్నితంగా ఉన్నవాళ్ళకి ఇది చక్కటి పద్ధతి, మడతలోనే పెట్టాలి, చెవి రంధ్రంలో కాదు. జవ్వాది, పునుగు ఒకటేనా అని ఇద్దరు అడిగారు: రెండూ పునుగుపిల్లి నుంచి వచ్చే వాసనే, తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పునుగు తైలం పూస్తారు. బయట బజారులో డబ్బాల్లో దొరికే జవ్వాది పొడి చాలావరకు వేరే సుగంధాల మిశ్రమమే.

వెనిలా ఉన్న ఆయిల్ నల్లబడింది, పారెయ్యాలా అని భీమవరం నుంచి ఒకరు. అక్కర్లేదు, వెనిలిన్ ఉంటే రంగు ముదరడం మామూలే, వాసన బాగుంటే వాడుకోండి, తెల్లబట్టలకి తగలకుండా చూసుకోండి. పారెయ్యాల్సింది నిమ్మ, నారింజ జాతివి, అవి గాలి తగిలి పాతబడితే పెయింటు నూనెలా వాసనొస్తాయి, అప్పుడు చర్మానికి పడకపోవడం కూడా ఎక్కువే. గంధం, వట్టివేరు, ప్యాచౌలి మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా గుండ్రంగా తయారవుతాయి, ముదురురంగు గాజు సీసాలో నిండుగా పోసి, కిటికీకీ స్టవ్‌కీ దూరంగా, బీరువాలో చీకట్లో పెట్టుకోండి. బాత్రూమ్ అలమరలో వద్దు.